బిగించిన మూత

మా ఎదురింటాయన బెంగళూరులో టైల్సు పని చాలించుకుని పోయిన వారం ఇంటికి వచ్చేశాడు. వచ్చిన మూడో రోజు పొద్దున్నే వాకిట్లో గోతాం పరిచి, తన భార్య ఇన్నాళ్లూ నడుపుకుంటున్న బండిని ఊడదీసి, నట్లూ బోల్టులూ పళ్లెంలో పోసుకుని కూర్చున్నాడు. ఆమె గడపలో నిలబడి ఏదో చెప్పబోయి, చెప్పకుండానే లోపలికి పోయింది. అరుగు మీద టీ తాగుతున్న నేను, ఆమె అట్లా వెనక్కి తిరగడం చూసి గ్లాసు కింద పెట్టేశాను. లేచి వెళ్లి ఆయనకు ఒక మాట చెబుదామా అనుకున్నాను గానీ, అడగకుండా చెప్పే ముసలివాళ్లను ఎవరు ఓర్చుకుంటారు? నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు, విసుక్కోకుండా వింటారు.

నేను ఎనిమిదేళ్లు బోరు బండి మీద పనిచేశాను. మా మార్కాపురం వైపు నీళ్ల సంగతి మీకు తెలిసిందే. తాగే నీళ్ల కోసం నా భార్య పక్క ఊరి దాకా పోతూ ఉంటే, నేను ఒరిస్సాలోనో ఛత్తీస్‌గఢ్‌లోనో ఎవరెవరి పొలాల్లోనో నీళ్లు పడేదాకా రాయి తొలిపించేవాణ్ణి. ఆ లారీ ఇంజనూ కంప్రెసరూ దగ్గితే చాలు, రోగమెక్కడుందో చెప్పేవాణ్ణి. మేనేజరు కూడా నన్ను అడక్కుండా చెయ్యి పెట్టేవాడు కాదు. ఇంటికి రావడం ఏడాదికి రెండుసార్లు, వస్తే నాలుగైదు రోజులు, ఆ నాలుగు రోజులూ కోడికూరా ఉతికిన దుప్పటీ. చివరికి నడుము పట్టేసి, ఇక నావల్ల కాదని పెట్టె సర్దుకుని వచ్చేసిన ఏడు మా అమ్మాయి పదో తరగతిలో ఉంది.

వచ్చాక తెలిసింది, నాలుగు రోజుల మర్యాద వేరు, కలిసి బతకడం వేరు అని. క్యాంపు అలవాటు కొద్దీ చీకటితోనే లేచి గిన్నెలు చప్పుడు చేసేవాణ్ణి, ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసేది కాదు. తల్లీ కూతుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని ఏదో చెప్పుకుని నవ్వుతూ, నేను అడుగుపెట్టగానే ఆపేసేవాళ్లు. కోపంతో కాదు, చుట్టం వస్తే ఎవరైనా సర్దుకుంటారు కదా, అట్లా. మా అమ్మాయి నన్ను చూస్తే లేచి నిలబడేది. సొంత కూతురు లేచి నిలబడితే తండ్రికి ఎట్లా ఉంటుందో ఎవరికి చెప్పను? నేను ఈ ఇంటి మనిషినే అనిపించుకోవాలి, అదీ త్వరగా అనిపించుకోవాలి అన్న ఆత్రం పట్టుకుంది నాకు.

అప్పుడు కనబడింది మోపెడ్. మా బావమరిది వాడి వదిలేసిన పాతది, నేను లేనప్పుడు నా భార్య నేర్చుకుని, నీళ్ల క్యాన్లకూ మిరపకోతలకూ దాని మీదే తిరిగేది. చూడబోతే మట్టి, జిడ్డు, పెట్రోలు ట్యాంకు మూత మీద పాత చీర పీలిక ఒకటి కట్టి ఉంది, మూతేమో సగం వదులుగా ఉంది. ఇంత అనాకారంగా బండిని ఉంచుకుంటారా అని ఆ పీలిక పీకి పారేసి, మూత బిగించి, ఆ రోజే బండి విప్పే పనిలోకి దిగాను. నా భార్య చేట పట్టుకుని అటుగా పోతూ, "ఆ మూత గట్టిగా బిగించబాక" అన్నది. లారీ ఇంజన్లు విప్పినవాడికి నువ్వు చెప్పేదేందని నవ్వాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బండి స్టార్టయ్యేది, ఊరి చివరి దాకా బాగానే పోయేది, అక్కడ గుక్క తిప్పుకోలేనట్టు ఆగిపోయేది. దిగి, పెట్రోలుందా లేదా అని మూత తీసి చూసి, ఉందిలే అని మళ్లీ బిగించి, ప్లగ్గు విప్పి తుడిచి తొక్కితే ఠక్కున అందుకునేది. ఆహా, ప్లగ్గే అనుకునేవాణ్ణి. మళ్లీ కిలోమీటరుకు ఆగేది. ఈసారి కార్బొరేటర్ విప్పి, సన్న రాగితీగతో కంతలు పొడిచి, నోటితో ఊదితే నాలుకంతా పెట్రోలు మంట. అదీ కాదని సైలెన్సర్ ఊడదీసి, లోపలి మసి పోవాలని చెత్తమంటలో కాల్చాను. మార్కాపురం పోయి కొత్త పెట్రోలు పైపు తెచ్చాను. ఏది చేసినా ఒక కిలోమీటరు ఆశ చూపించి అక్కడ కూలబడేది. అయిదు రోజులు అదే వరస. అన్నాళ్లూ నా భార్య నీళ్లకు బిందె పెట్టుకుని నడిచింది. ఆదివారం అందరూ ప్రార్థనకు నడిచి పోతుంటే, వాళ్లలో వరసకు మామయ్యే ముసలాయన ఒకాయన "ఏంది అల్లుడూ, ఇంకా కాలేదా" అని నవ్వితే, చేతిలోని స్పానరు విసిరికొట్టాలనిపించింది. ఆయన మీద కాదు, నా మీద నాకే.

ఆ సాయంత్రం ఊళ్లో రెండు చుట్లు తిప్పితే ఆగలేదు. సోమవారం అమ్మాయికి మొదటి పరీక్ష, సెంటరు కురిచేడులో, మాకు పదకొండు కిలోమీటర్లు. ఆటోలో పంపుదామన్నది నా భార్య. నేనుండగా ఆటో ఎందుకని గొంతు పెంచాను. ఆమె, అయితే గంట ముందే బయలుదేరండి అని మాత్రం అన్నది.

పొద్దున పరీక్షకు పోతుంటే, మొదటిసారి ఆగినప్పుడు నవ్వుకున్నాను. రెండోసారి ప్లగ్గు విప్పాను. మూడోసారి ఆగింది పొలాల నడుమ, వెనకా ముందూ బండి లేని చోట. వేడి ప్లగ్గుకు వేళ్లు కాలాయి, అది కదలకముందే స్పానరు జారి కంపలో పడింది. హాల్‌టికెట్టు పట్టుకుని నిలబడ్డ పిల్ల ముఖం చూడడానికి ధైర్యం చాల్లేదు. ఏడాదంతా చదివిన చదువు నా పంతం వల్ల రోడ్డు మీద ఆగిపోయిందని, కంపలో చెయ్యి పెట్టి వెతుకుతుంటే, నిజంగానే ఏడుపొచ్చింది నాకు.

అప్పుడు అమ్మాయి నా పక్కకు వచ్చి, చాలా మెల్లగా, "నాయనా, మూత వదులు చెయ్యి. దానికి గాలి ఆడదు" అన్నది.

మూతకుండే సన్న రంధ్రం ఎప్పుడో మట్టితో పూడుకుపోయిందట. బిగిస్తే ట్యాంకులోకి గాలి పోదు, గాలి పోకపోతే పెట్రోలు దిగదు. అందుకని వదులుగా పెట్టి, ఒలకకుండా పీలిక కట్టుకునేవాళ్లు. నేను ఆగినప్పుడల్లా మూత తీసి చూడడమే బండిని నడిపించింది తప్ప నా పనితనం కాదు. అమ్మాయి మూత సగం తిప్పి, చేతిరుమాలు చుట్టి, పరీక్ష రాసే అట్టా హాల్‌టికెట్టూ నా చేతికిచ్చి, తనే ముందు కూర్చున్నది. నేను వెనక ఎక్కాను. కురిచేడు రైలు గేటు దాటి ఊళ్లోకి పోయేదాకా ఎక్కడా ఆగలేదు. స్కూలు గేటు మూసేలోపే చేరాం.

లోపలికి పోబోతుంటే అడిగాను, అయిదు రోజులూ చూస్తూ ఎందుకు చెప్పలేదని. "అమ్మ చెప్పొద్దనింది. నాయన చిన్నబోతాడు, ఆయనంతట ఆయన్నే చేసుకోనీ అనింది" అని చెప్పి, నాకు చెప్పినందుకు తప్పు చేసినదానిలాగా తలవంచుకుని వెళ్లిపోయింది. పరీక్ష అయ్యేదాకా చెట్టు కింద కూర్చున్నాను. వాళ్లమ్మ నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. సొంతవాళ్లనైతే తిడతారు.

ఇప్పుడు రోజులు మారాయి. దూరాన ఉన్నవాళ్లు పూటకోసారి ఫోన్లో ఇల్లంతా చూసుకుంటున్నారు, పొయ్యి మీద ఏముందో కూడా చూస్తున్నారు. బండి చెడితే చాలామంది షోరూముకిచ్చి, కుర్చీలో కూర్చుని టీ తాగి వస్తున్నారు. మా అమ్మాయి నెల్లూరులో నర్సుగా పనిచేస్తోంది, పిల్లల తల్లి. రోజూ రాత్రి భోజనాల వేళకు వీడియో ఫోన్ చేస్తుంది. ముఖం వాడి ఉంటుంది, కళ్ల కింద నలుపు ఉంటుంది. ఎట్లా ఉన్నావమ్మా అంటే, అంతా బాగుంది నాయనా అంటుంది. నేను మళ్లీ అడుగుతాను, మళ్లీ అదే మాట చెబుతుంది. అప్పుడు నా భార్య ఫోన్ తీసుకుని, వినబడడం లేదంటూ పెరట్లోకి పోతుంది. అరగంట దాకా ఇద్దరి మాటలూ తెగవు. నేను తిన్న కంచం ముందు పెట్టుకుని, చెయ్యి ఎండిపోయేదాకా కూర్చుని ఉంటాను.