చెవి ముందర ఒక చుక్క

పదో తరగతిలో నాకు ఆటలమ్మ పోసింది. అది తగ్గిపోయింది గానీ బుగ్గల మీద గుంటలు మిగిలాయి. లేజరుతో చర్మం పైపొర తీసి వాటిని చాలావరకు సమం చేయవచ్చని తిరువళ్లూరులో ఒక చర్మ డాక్టరు చెప్పినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

ఫ్యాక్టరీ పని ముగిశాక, తిరుత్తణి రైలు వచ్చేలోపు లైబ్రరీలో కూర్చోవడం నా అలవాటు. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక ఇంగ్లీషు వైద్య పుస్తకం పట్టాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, అందులో లేజరు గురించిన అధ్యాయం పూర్తిచేసిన రోజు నా నడకే మారింది. అది అమెరికాలోని స్పానిష్ మూలాల కుటుంబాలవాళ్ల చర్మం గురించి. వాళ్లలో చాలామందిది చామనఛాయ. లేజరు పడ్డ చోట ఆ చర్మం నల్లబడే అవకాశం ఎక్కువట. ముందు చిన్నచోట పరీక్షించాలి, తీవ్రత తగ్గించాలి, ఎండ తగలనివ్వకూడదు. ఫొటోల్లోని బుగ్గలు మా ఇంటివాళ్లవే అనిపించాయి.

అక్కకు చెప్పాను.

"యాడో ఉండేవాళ్ల తోలు గురించి చదివి నువ్వు భయపడతా ఉండావా?"

"రంగు మనదేనక్కా."

"అట్లయితే వాళ్లనే పోయి అడుగు, పో!" అని నవ్వింది. అయినా డాక్టరు దగ్గరికి నాతోపాటు వచ్చింది.

నేను చదివిందంతా అప్పజెప్పితే డాక్టరు నవ్వాడు. తానూ అదే చెప్పబోతున్నానన్నాడు. కుడిచెవి ముందర కందిగింజంత చోట లేజరు వేశాడు.

ఆ తర్వాత వారాల తరబడి మందు పూసుకున్నాను, గొడుగు లేకుండా గడప దాటలేదు.

"ఏమక్కా, ఎండకు కరిగిపోతావా?" అని ఫ్యాక్టరీలో తోటి ఆడపిల్లలు నన్ను ఆటపట్టించేవారు. కరిగితే బాగుండు, అప్పుడైనా నున్నగా గట్టిపడతానేమో అనుకునేదాన్ని.

అయినా లేజరు పడ్డ ఆ చుక్క నల్లబడింది. పుస్తకం అబద్ధం కావాలని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

"నెలలు పట్టినా ఇది తగ్గుతుంది. అంతవరకు ముఖం జోలికి పోవద్దు" అన్నాడు డాక్టరు.

"తగ్గినాక?"

"చూద్దాం."

రైల్లో అక్క నా గొడుగు మడిచి తన ఒళ్లో పెట్టుకుంది. తిరుత్తణి దగ్గర పడుతుండగా, "ఇంగ చాలించేస్తావా?" అంది.

"లేదక్కా."

అక్క నా బుగ్గ మీద అరచేయి పెట్టింది. గుంటలు ఆమెకు తగులుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఆ చేయి ఎక్కడా ఆగకుండా జారిపోయే రోజు ఒక్కటి రావాలని కోరుకుంటూ కళ్లు మూసుకున్నాను.