మిలిటరీ బండిలో ఎడమ సీటు

బాజీ అన్న లెక్కలో ఖాళీ బండి అంటూ ఉండదు. ఎంత ఖాళీగా తెచ్చి నిలబెట్టినా అందులో ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాళ్ళు మనకి కనపడరు, ఆయనకి కనపడతారు. ఆటోనగర్‌లో కార్లకీ లారీలకీ ఏసీలు బిగించే షెడ్డు ఆయనది. ఆ పక్కనే పైపులూ గ్యాసూ అమ్మే కొట్టు మాది. మధ్యలో ఉన్నది రేకు గోడే కాబట్టి, ఆయన బండ్లతో మాట్లాడే మాటలన్నీ నా చెవిన పడేవి.

ఒకసారి ఎవరో ప్లీడరు గారు అంబాసిడర్ కారు తెచ్చారు. బాజీ అన్న వెనక తలుపు తీసి, లోపలికి సలాం పెట్టి, చప్పుడు కాకుండా మళ్ళీ మూసేశాడు. "పెద్దావిడ నిద్రపోతున్నారండీ. లేచాక మొదలెడతాను" అన్నాడు. ప్లీడరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళమ్మగారిని ఆఖరిసారి ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆ సీటులోనేనట. పాపం, ఆవిడ లేచేదాకా స్టూలు మీద కదలకుండా కూర్చున్నారు. ఈలోగా బాజీ అన్న ఇంకో రెండు బండ్లు పూర్తి చేసుకున్నాడు. పని ఎక్కువున్న రోజే దెయ్యాలకి నిద్ర వస్తుందేమిటా అని నాకు అప్పట్నుంచీ అనుమానం.

రెండువేల మూడు ఎండలు ఎవరూ మరిచిపోరు. మా సందు మొదట్లో గొడుగు కింద మజ్జిగ అమ్మే ఆదెమ్మ మామ్మ ఆ మే నెలలో కుండ పక్కనే కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంకోసారి వడదెబ్బ తగిలితే మనిషి దక్కదని డాక్టరు తెగేసి చెప్పాడు. మధ్యాహ్నం పూట మా కొట్లో ఫ్యాను కింద కూర్చోమని నేను బతిమాలాను, బాజీ అన్న ఇంకా బతిమాలాడు. ఆవిడ వింటేగా. ఊరికే వెళ్ళి ఒకరి నీడన కూర్చోడానికి తానేమన్నా చుట్టాన్నా అని అడిగి, మళ్ళీ గొడుగు కిందే కూర్చుంది. మాకందరికీ లోపల భయంగానే ఉండేది.

ఆ వారంలోనే మిలిటరీ ట్రక్కు వచ్చింది. ఉయ్యూరు దగ్గర చేపల చెరువులున్న వెంకటకృష్ణారావు గారు దాన్ని వేలంలో కొన్నారు. చెరువు గట్ల బురదలో అదొక్కటే నడుస్తుందట, నడిపేటప్పుడు తనకి చల్లగా ఉండాలట. ఏ కొండల్లో తిరిగొచ్చిందో, ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. దాన్ని లోపలికి తోస్తుంటే పక్క షెడ్లో కుక్క అరవడం ఆపేసి తోక ముడిచింది. బానెట్టు మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే ఎండ. నేను పనిలేక ఎడమ సీటు తాకాను. అది చల్లగా ఉంది.

బాజీ అన్న సలాం పెట్టాడు, డ్రిల్లు ఎత్తాడు, దించేశాడు. ఎడమ సీటులో ఒకాయన ఉన్నాడని, సీటు ఖాళీగా ఉంచడానికి వీల్లేదంటున్నాడని చెప్పాడు. తలుపు మీద తెల్ల రంగుతో ఉన్న హిందీ అక్షరాలు చూపించి, రాసింది కూడా అదేనన్నాడు. ఇంట్లో హిందీ మాట్లాడుకునే మనిషి, చదవడం రాకుండా ఉంటుందా అని మేమంతా తలలూపాం.

ఎలాగో పని మొదలైంది. పైన గుడ్డ తీసేసి రేకు వేశాడు, రేకు కింద థర్మోకోల్ పరిచాడు, తలుపుల చుట్టూ రబ్బరు కట్టాడు. ఇంజను పక్కన కంప్రెసర్, డాష్‌బోర్డు కింద కూలింగ్ కాయిల్ బిగించి, మా కొట్లో గ్యాసే నింపాడు. పని అయిపోయింది గానీ బండి మాత్రం కదల్లేదు. టెస్టింగు అన్నాడు. రోజూ మిట్టమధ్యాహ్నం ఇంజను స్టార్టు చేసి, తలుపులేసి, ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. డీజిలు కూడా తనే పోయించేవాడు. వెంకటకృష్ణారావు గారు వచ్చి గొడవ పెట్టుకుంటే, లోపలాయన ఇంకా దిగలేదని, రోహిణి కార్తె వెళ్ళాక దిగుతానంటున్నాడని చెప్పాడు. ఆయన కిటికీ వైపు ఒక్కసారి చూసి, తొందరేం లేదులే అంటూ వెళ్ళిపోయారు.

మిట్టమధ్యాహ్నం మా సందులో పిట్ట కూడా ఎగరదు. షట్టర్లు సగం దించేసి అందరూ పడుకుంటారు. ఒకరోజు ఆ నిశ్శబ్దంలో ట్రక్కు ఒక్కటే గురగురమంటోంది. బాజీ అన్న బయటే కూర్చుని ఉన్నాడు, అయినా లోపలినుంచి సన్నగా మాటలు వినపడుతున్నాయి. రేకు గోడ చివరనుంచి తొంగి చూశాను. మంచు పట్టిన అద్దం వెనక ముసుగేసుకున్న తెల్లటి ఆకారం ముందుకీ వెనక్కీ ఊగుతోంది. అది ఆగింది. ఒక అరచెయ్యి వచ్చి అద్దానికి ఆనింది. నేను కొట్లోకి ఎలా వచ్చిపడ్డానో నాకు తెలియదు.

మర్నాడు అదే వేళకి బాజీ అన్న టీకి వెళ్ళడం చూసి, ప్రభువుని తలుచుకుంటూ ట్రక్కు దగ్గరికి నడిచాను. తలుపు మీద అక్షరాలు అప్పుడు దగ్గరగా చూశాను. చిన్నప్పుడు మా నాన్న నాచేత బలవంతాన హిందీ పరీక్షలు రాయించాడు. కూడబలుక్కుని చదివితే అక్కడున్నది, టైర్లలో గాలి చూసుకోమని. సీటు ఊసే లేదు. భయం పోయి నాకు ఒళ్ళు మండింది. తలుపు లాగేశాను.

ఎడమ సీటులో ఆదెమ్మ మామ్మ. చలికి కొంగు తల చుట్టూ కప్పుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని ఉంది.

"తలుపెయ్యవే క్రిస్టినా, చల్లగాలంతా పోతోంది" అని విసుక్కుంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ బాజీకి దెయ్యాలంటే ప్రాణభయమంట. ఈ సీట్లో ప్రార్థన చేసే మనిషి కూర్చోకపోతే షెడ్డు మూసుకోవాల్సిందేనని ఏడ్చాడే, పిల్లలున్నవాడు. నాకేం, వ్యాపారం చెడినా సరే, రోజూ వచ్చి కూర్చుంటున్నా. నువ్వెవరితోనూ అనమాక, మగాడు, సిగ్గుపడతాడు."

అననని చెప్పి తలుపు మెల్లిగా మూశాను. వెనక్కి తిరిగితే బాజీ అన్న టీ గ్లాసుతో నిలబడి ఉన్నాడు. మామ్మ తనని పిరికివాడనుకున్నా పర్వాలేదనుకున్న ఆ మనిషి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. పైకి మాత్రం, టైర్లలో గాలి చూసుకున్నావా అన్నా అని అడిగాను.

ఆయన మొహం వాడిపోయింది. "నాకు చదవడం రాదన్న సంగతి మామ్మకి చెప్పమాకమ్మా. తెలిస్తే లేచి ఎండలోకి పోద్ది. రోహిణి కార్తె వెళ్ళనీ."

"చెప్పను. అయితే ఎడమ సీటులో ఆ మిలిటరీ ఆయన ఉన్నది అబద్ధమేగా?"

బాజీ అన్నకి నిజంగానే కోపం వచ్చింది.

"అబద్ధమెందుకవుద్ది? పెద్దావిడ ఎక్కగానే లేచి సీటిచ్చి, వెనక తొట్లోకెళ్ళి కూర్చున్నాడు. మర్యాద తెలిసిన మనిషి."

గాలన్నది లేని మధ్యాహ్నం. ట్రక్కు వెనక తలుపు గొలుసు ఒక్కసారి గలగలమంది. నేను అటు తిరిగి, ఎందుకైనా మంచిదని ఒక సలాం పెట్టి, కొట్లోకి వెళ్ళిపోయాను.