తలకిందుల హంసలు

ధర్మవరంలో మా మేనత్తకు నోరు తెరిస్తే ఒకటే మాట: "యాడ తప్పినానప్పా, చెప్పు?"

జాకార్డు మగ్గం కొత్తగా వచ్చినప్పుడు డిజైను చిల్లులుండే అట్టల వరుస తిరగేసి, చీర అంచులో హంసలన్నిటినీ తలకిందులుగా నేసింది. నా నవ్వుకు ఇంటి కప్పు లేచిపోయింది. ఆమె ఆ చీరను అరుగు మీద పరిచి, దారిన పోయేవాళ్లందరినీ అదే మాట అడిగింది. వీధివీధంతా ఆమెకు గురువైపోయింది.

తర్వాత నేను మగ్గమెక్కినప్పుడు నా హంసలూ తలకిందులయ్యాయి. గబుక్కున టవలు కప్పాను.

"ఏమప్పా, చూపియ్యి" అంది అత్త.

"అంతా బాగుండాదిలే, నువ్వు పో అత్తా!"

నేనే నేయాలనుకున్న మా చెల్లెలి పెళ్లిచీర చివరికి అత్త చేతికే పోయింది. పెళ్లిపందిట్లో నేతగాళ్లంతా "ఆ మెడ నేను చెప్పిందే", "ఆ రెక్క నాదే" అని మీసాలు తిప్పుతుంటే, ఒక్క ఈకైనా నాదని చెప్పుకోలేక కుళ్లి చచ్చాను.