మగ్గం తాడు లాగే చెయ్యి

నా చిన్నప్పుడు నాకు బాగా చేతనైన పని ఒకటే, మనుషులను ఎక్కిరించడం. ఎవరు కుంటినా, ఎవరికి మాట తడబడినా, వాళ్లు సందు మలుపు తిరగకముందే వాళ్లలా చేసి చూపించేదాన్ని. మా వాడకట్టంతా నవ్వేది. నాకు రాత రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఇది బాగాలేదు నానమ్మా, తీసేద్దాం అంటోంది. ఉండనీ అన్నాను.

మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. ఇంట్లో గుంత మగ్గం, నేసేవాళ్లు కాళ్లు దించుకోవడానికి కింద గుంత ఉండేది. బాపు, అంటే మా నాన్న, నేసేవాడు, నేను రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని. కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు పుల్ల. నాకు పదేళ్లున్నప్పుడు బాపుకు ఛాతీ జబ్బు చేసింది. పెద్ద డాక్టరు రోజుకో సూది రాశాడు, ఒక్క రోజు కూడా తప్పొద్దన్నాడు. ఊళ్లోని సర్కారు దవాఖానలో ముసలి కంపౌండరు వేసేవాడు. ఆయన రిటైరయ్యాక ఆ చోటుకు ఒక కొత్త సిస్టరమ్మ వచ్చింది. ఆదిలాబాద్ దిక్కు పిల్ల. చదువు ముగించి నేరుగా వచ్చిన మొదటి కొలువు. మనసు మంచిదే, కానీ సూది పట్టుకుంటే చెయ్యి వణికేది. జనం చూస్తున్న కొద్దీ వణుకు ఎక్కువయ్యేది.

ఒక పొద్దున బాపు కోసం వరసలో జాగా పట్టడానికి ముందుగా వెళ్లాను. చేతిలో కండె ఉంది. దాన్నే సూదిలా పట్టుకుని, ఒళ్లంతా గడగడ వణికిస్తూ, వరసలో వాళ్ల భుజాలకు ఒక్కొక్కరికే గుచ్చుతూ పోయాను.

"అగ్గో, గట్లనే జేస్తది! మల్లోపారి జెయ్యే పోరీ!" అని ఒక ముసలమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.

"గామె సూది పెడితె తోలు దాటి బొక్కల దిగుతది. నేనైతె మెట్‌పల్లికి పోత," అన్నాడు ఇంకొకాయన.

నాకు ఊపొచ్చింది. సిస్టరమ్మ గొంతుతో, "జర ఆగు తాతా, నీ చెయ్యి ఎక్కడున్నదో దొరుకుతలేదు," అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. జనం ఒక్కరొక్కరే మెట్‌పల్లి బస్సుకు కదిలారు.

బాపు దగ్గుకుంటూ వచ్చేసరికి వరస లేదు. లోపల ఆమె ఏడుస్తూ సంచి సర్దుకుంటోంది. "నాతోని గాదు కాకా. ఇంటికి పోత. ఇంకెవల్నన్న తోలిస్తరు," అంది. కొత్తవాళ్లు ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు? అప్పటిదాకా బాపుకు సూది ఎవరు వేస్తారు? ఎవలేమన్నరు బిడ్డా అని బాపు అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. ఎవరూ ఏమనలేదంది. ఆ పూట సూది పర్దా వెనక వేయించుకుని, రేపటిదాకా ఆగు బిడ్డా అని బాపు ఆమెను ఒప్పించాడు.

దారిలో బాపు నా చేతిలోకి చూశాడు. "గీ కండెకు దవాఖానల ఏం పని?" అన్నాడు. నేను దాన్ని వీపు వెనక దాచుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ రోజు రెండు దెబ్బలు వేసి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదేమో.

మరునాడు నన్ను వెంటబెట్టుకుని పోయాడు. బస్సుకు చిల్లర లేనివాళ్లు కొందరు మళ్లీ వరసలో ఉన్నారు. బాపు ఎప్పుడూ సూది నడుముకే వేయించుకునేవాడు. ఆ రోజు మాత్రం స్టూలు వరండాలోకి తెచ్చుకుని, కుడి చెయ్యి అంగీ పైకి మడిచాడు. మగ్గం తాడు లాగే చెయ్యి అది.

"నడుముకే ఏస్త కాకా," అంది సిస్టరమ్మ.

"నడుముకైతె పర్ద ఎనుక ఏస్తవు. ఎవలు సూస్తరు?" అన్నాడు. నాతో, "నువ్వు గీ చెయ్యి వట్టుకో," అని ఎడమ చెయ్యి ఇచ్చాడు.

మొదటిసారి సూది పక్కకు పోయింది. రక్తం కారింది. రెండోసారీ అంతే. బాపు వరస వైపు చూసి నవ్వుతూనే ఉన్నాడు. "ముసలి తోలు గదా, జర మొండిది," అన్నాడు. కానీ కింద నా వేళ్లను నలిపేస్తున్నాడు. ఎముకలు విరుగుతాయేమో అనిపించింది. ఆ నొప్పి ఆయన ముఖంలో లేదు, అంతా నా చేతిలో ఉంది. కండెతో అందరినీ గుచ్చిన చెయ్యే అది.

అప్పుడు ఆమెకు మాత్రమే వినపడేలా చెప్పాడు. "మేం పోగు అతికేటప్పుడు చిటికెనవేలు బట్ట మీద ఆనిస్తం బిడ్డా. ఆనిస్తె చెయ్యి వణకది. నా చెయ్యే బట్ట అనుకో."

ఆమె వేలు ఆనించింది. సూది దిగింది.

"అయిపాయెనా? సీమ కుట్టినట్టు గూడ లేదు!" అని బాపు గట్టిగా అన్నాడు. నిన్న నవ్విన ముసలమ్మే ముందుకొచ్చి భుజం చూపింది.

ఆ రోజు మా మగ్గం ఆడలేదు. బాపు చెయ్యి వాచింది. ఏమైందని అవ్వ, అంటే మా అమ్మ, అడిగితే, బద్ధకంగా ఉందన్నాడు.

సిస్టరమ్మ పోలేదు. బాపు సూదులన్నీ ఆమే వేసింది, ఆయన దగ్గు తగ్గింది. నేను కనబడితే "ఏం చెల్లే" అని పలకరించేది. నేను ముఖం తిప్పుకునేదాన్ని. బదిలీ అయిన నాడు ఇంటింటికీ చెప్పి పోవడానికి వచ్చింది. నేను మగ్గం గుంతలో దాక్కున్నాను. చెల్లె ఏదీ అని రెండుసార్లు అడిగింది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

పోయిన ఏడు మా ఆయనను కరీంనగర్ దవాఖానలో పెట్టాం. ఒక కొత్త నర్సు పిల్లకు నరం దొరకలేదు. మా కొడుకు అరవబోతే నోరు మూయించాను. చిటికెనవేలు ఆనించు బిడ్డా అని, ఆయన రెండో చెయ్యి నేను పట్టుకున్నాను. ఆయన నా వేళ్లను గట్టిగా నొక్కాడు. ఇప్పుడు ఆయన లేడు, ఆ నొక్కు మాత్రం ఉంది, బాపుది పక్కనే.

ఆ పిల్ల చెయ్యి నిలిచింది. "గిది నీకెవలు నేర్పిన్రు అమ్మా?" అంది. మా బాపు అన్నాను. ఎందుకు నేర్పాల్సి వచ్చిందో చెప్పడానికి నోరు రాలేదు. అది ఇక్కడైనా ఉండాలి, అందుకే మనవరాలితో ఏదీ తీసెయ్యకు అన్నాను.