కవరు విప్పని జాకెట్లు

మా అమ్మాయిని ఈ వేసవిలో పడవ క్యాంపుకి పంపుదామని తెనాలి నుంచి నిజాంపట్నం వెళ్లి చూశాను. పిల్లలకి మడ అడవులూ కొంగలూ చూపిస్తారట. లైఫ్ జాకెట్లేవండీ అని అడిగితే నిర్వాహకుడు బల్ల కింద నుంచి తీశాడు. అన్నీ ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి.

"ఉప్పునీళ్లకి పాడైపోతాయని విప్పలేదమ్మా, కొత్తవి," అన్నాడు గొప్పగా.

"ఎవరి కోసం దాస్తున్నారండీ?" అని అరిచేశాను. పాపం, ఆయన బిత్తరపోయాడు.

మా చిన్నప్పుడు నాన్న అన్నయ్యకి ఈతకని గాలి ఊదే ట్యూబు కొనుక్కొచ్చారు. కాలవ బురదకి మాసిపోతుందని అమ్మ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. అన్నయ్య అది లేకుండానే కాలవలో దిగాడు. మళ్లీ పైకి రాలేదు.

అమ్మ బీరువాలో ఆ ట్యూబు ఇప్పటికీ కవర్లోనే ఉంది. ఎక్కడా చిన్న మరక కూడా లేదు.