సూర్యుడి హోరులో ఒక పిలుపు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి బయటికెళ్ళిపోయే రకాన్ని నేను. ఇది మాత్రం నా చెవులతో నేనే విన్నాను.

హైటెక్ సిటీ లేచి నిలబడుతున్న రోజులు. ఎక్కడ చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. నా స్నేహితుడు సుధాకర్ మాత్రం సూర్యుణ్ణి పట్టుకుని వేలాడేవాడు. ఫిల్మ్ నగర్‌లో, షేక్‌పేట వైపు దిగే వాలులో, యాదమ్మగారి మేడమీద గదిలో ఇద్దరం కిరాయికి ఉండేవాళ్ళం.

సూర్యుడి చుట్టూ ఉండే వేడి వాయువుల పొరను కరోనా అంటారు. అది అక్కడక్కడ పలచబడుతుంది. అవే కరోనా రంధ్రాలు. రేడియో టెలిస్కోపుకి అవి చుట్టుపక్కల కన్నా మసగ్గా కనిపిస్తాయట. వేడి ఎంత, సాంద్రత ఎంత ఉంటే అంత మసక వస్తుందో కంప్యూటర్‌లో నమూనా కట్టడం వాడి పరిశోధన. కొలతలు పెద్ద టెలిస్కోపులవి. సరదాకి మాత్రం డాబా మీద పాత టీవీ డిష్ ఒకటి బిగించి, సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల హోరును స్పీకర్లో వినిపించేవాడు. దూరాన ఎక్కడో వాన పడుతున్నట్టుండేది. సెలవు రోజుల్లో దాని పక్కనే కూర్చుని టీ తాగేవాళ్ళం. ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

యాదమ్మగారి భర్త సినిమాల్లో గుంపు సీన్లకు డబ్బింగ్ చెప్పేవారు. పోయి చాలా ఏళ్ళయింది. ఆయన గొంతు విడిగా ఒక్క క్యాసెట్‌లోనూ లేదు. "టీవీల సినిమా వస్తే, గా లొల్లిల ఏడున్నడో అని దేవులాడుత బిడ్డా" అంటూ ఆ గుంపు కేకల్లో ఆయన గొంతు వెతుక్కునేవారు.

ఒక ఆదివారం ఆమె డాబా మీద వడియాలు పెడుతున్నారు. మేం డిష్ పక్కన టీ తాగుతున్నాం. స్పీకర్లో హోరు మధ్యలోంచి ఒక మగ గొంతు, స్పష్టంగా, "యాదమ్మా" అంది.

ఆమె చేతిలో గిన్నె జారిపోయింది. గొంతు ఎటునుంచి వచ్చిందో చూద్దామని సుధాకర్ డిష్‌ను పక్కకు తిప్పాడు. హోరు తగ్గింది. మళ్ళీ సూర్యుడివైపు తిప్పితే హోరు వచ్చింది గానీ గొంతు రాలేదు.

"పక్కన ఏ డబ్బింగ్ స్టూడియోలో మాటో ఇందులో కలిసుంటుందిలే అమ్మా" అన్నాడు. వాడి మొహం మాత్రం పాలిపోయింది.

యాదమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వారు. "నా మనిషి గొంతు నాకెర్క లేదా? బతికున్నన్ని దినాలు 'ఏమే' అనుడే గని, పేరు పెట్టి ఎన్నడు పిలవలే. ఇయాల పిలిచిండు."

చుట్టుపక్కల స్టూడియోలన్నీ తిరిగి అడిగాం. ఆ పేరున్న డైలాగు ఎవరూ చెప్పలేదన్నారు. ఆమె తర్వాత కూడా చాలాసార్లు పైకొచ్చి కూర్చున్నారు. మళ్ళీ వినిపించలేదు. "ఒక్కపారి చాలు తియ్" అనేవారు.

సుధాకర్ థీసిస్ పూర్తిచేశాడు. ఈమధ్య కలిసినప్పుడు అడిగాను, "నువ్వూ విన్నావు కదరా?" అని.

"విన్నాను" అన్నాడు. అదేమిటో ఇవాళ్టికీ నాకు తెలియదు.