జొన్నగింజంత చిల్లు

కూసో బిడ్డా, ఆ ఫోను బోర్లేసి సక్కగ కూసో. గూట్లున్న తూటా ముచ్చట రాస్కుంటనంటివి కదా, సగం ఇని సగం ఇడిస్తే నాకు కోపమొస్తది. రాయి. నా చిన్నప్పుడు మా వాడల ఇత్తడి బిందెలున్నోళ్లు ఉన్నరు, ఎడ్లబండ్లున్నోళ్లు ఉన్నరు. గూట్ల తూటా ఉన్న ఇల్లు మాత్రం ఒక్కటే. అది మా ఇల్లు గాదు. గదే నా ఏడుపు.

పక్కింటి పెద్దబాపు మిల్ట్రీల చేసి వచ్చిండు. వచ్చేటప్పుడు నడిమి వేలంత తూటా ఒకటి తెచ్చి, చిన్న కట్టెపీట మీద నిలవెట్టి, గోడ గూట్ల పెట్టిండు. పొద్దటి ఎండ పడితే దీపం లెక్క మెరిసేది. ఆయన బిడ్డది నా ఈడే. పిల్లలందరం పోతే, గూటికి అడ్డం నిలవడి, "చేతులు కడుక్కొచ్చినోళ్లే ముట్టుండ్రి" అనేది. నేను రెండుసార్లు కడుక్కొని పోయినా, "నీ చేతికింక పేడ వాసన పోలేదే" అని ఆఖరుకు నిలవెట్టేది. ఇంటికొచ్చి కంచం ముందల కూసుంటే నాకు ముద్ద దిగకపోయేది.

ఒకనాడు నా వంతు వచ్చినప్పుడు చూస్తే, దాని నడుముకు జొన్నగింజంత చిల్లు! నా సంబురం ఏం చెప్పాలె. చిల్లు వడ్డ గిన్నెను ఎవలన్న పొయ్యి మీద పెడ్తరా? "వాళ్లది ఓటి తూటా" అని వాడంత చాటిన. ఆ పిల్ల మొఖం మాడిపోయింది. గని తెల్లారి చూస్తే పిల్లలంత మళ్ల ఆ గూటి ముందల్నే. ఓటిదైనా ఉన్నది వాళ్లకే కదా.

గా ఎండకాలం మా బాయి అడుగంటితే పూడిక తీసిండ్రు. వెనకట గడబిడ దినాలల్ల ఎవలెవలో తుపాకులు, తూటాలు బాయిలల్ల పారేసి పోయిండ్రని పెద్దోళ్లు చెప్పుకునేది. ఒడ్డు మీది బురదల ఆడుకుంటుంటే నా కాలికి గట్టిగ ఏందో తగిలింది. కడిగి చూస్తే తూటా. అచ్చం పక్కింటి దాని లెక్కనే. తిప్పి తిప్పి చూసిన, చిల్లు లేదు! ఎవలకు చెప్పకుంట ఇంటికి తెచ్చి, చింతపండు, బూడిద వెట్టి చిలుమంత పొయ్యేదాక తోమిన. తోమినంక ఊకుంటనా? గోడ మీదికెల్లి, "నీదానికి చిల్లు, నాదానికి లేదు, వచ్చి చూడే!" అని ఆ పిల్లను పిలిచిన.

అది రాలే. నేను లోపటికి వచ్చి, తడి ఆరాలెనని తూటాను పొయ్యి గడ్డ మీద పెట్టవోతున్న. పొయ్యి కణకణ మండుతాంది. నా కేక ఇన్నట్టుంది, అప్పుడు గడపల పెద్దబాపు నిలవడ్డడు.

ఆయన నా చేతిని చూసిండు, పొయ్యిని చూసిండు. ఒర్రలే, ఉరికి రాలే. గుంజుకుంటే నేను పొయ్యి దిక్కే జరుగుతనని ఎరికేమో. మెల్లగ గడప కాడ కూసోని, "అబ్బ, ఎంత మంచి తూటా దొరికిందే నీకు! మాది ఓటిదాయె. ఇది నాకిస్తవా బిడ్డా? బదులు మాది తీస్కో, పీటతో సహా" అన్నడు.

పీటతో సహా! నాకు కావల్సింది నా తూటా గాదు, ఆ పిల్ల తూటానే అని అప్పుడు ఎరుకైంది. చిల్లున్నా సరే. పోయి ఆయన చేతిల పెట్టిన. పిట్టపిల్లను పట్టుకున్నట్టు అరచేతిల పట్టుకొని పోయిండు. జరసేపటికి ఆ పిల్ల ముక్కు చీదుకుంట వచ్చి, వాళ్ల తూటా మా గూట్ల పెట్టిపోయింది. ఆ దినం నా అంత రాణి లేదు.

పొద్దుగూకినంక నా తూటా వాళ్ల గూట్ల ఎట్లుందో చూడవోతే గూడు ఖాళీ. "ఠాణాల అప్పజెప్పొచ్చిన" అన్నడు పెద్దబాపు. మా ఇంటికి తోల్కొచ్చి, ఆ తూటా చిల్లు మీద నా వేలు పెట్టిచ్చిండు. "ఇది ఓటి గాదు బిడ్డా. లోపలి తుపాకి మందంత తీసేసినమని తెల్వనీకి పెట్టిన చిల్లు. నీదాంట్ల మందు అట్లనే ఉండె. పొయ్యి సెగకు నీ మొఖం మీదనే పేలుతుండె."

నేను పొయ్యి దిక్కు చూసి రెండడుగులు ఎనుకకు జరిగిన. ఆ భయం తగ్గినంక ఏమొచ్చిందో తెలుసా? మళ్ల అసూయనే! గసొంటి బాపు దానికి ఉండుడేంది అని. మా బాపైతే ముందు నాలుగు పీకి తర్వాత అడుగుతుండె. తూటా తిరిగిస్తే ఆ పిల్ల తీస్కోలే. "మా బాపు ఇచ్చింది, నేనెట్ల తీస్కుంటనే?" అన్నది. దానికీ కుళ్లుకున్న.

ఇప్పుడు పోయిందా అంటే, ఏడికి పోతది? మొన్న మా చెల్లె చౌటుప్పల్‌ల ఇల్లు కట్టుకొని, ఫోన్ల ఒక్కో అర్ర చూపిస్తుంటే నాకు కడుపుల రాజుకుంది. "మంచిగుందే, మంచిగుందే" అని పైకి మెరుస్తున్న. నడుమల లేచి పోయి, ఆ తూటా చిల్లు మీద వేలు పెట్టుకున్న. మళ్ల ఫోను తీసి, "చెల్లే, నీ ఇల్లు చూస్తే నాకు కుళ్లుగుందే" అన్న. అదొకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. గంతే బిడ్డా, జొన్నగింజంత చిల్లు చాలు, లోపటి మందంత...

ఏందే కోడలా? వస్తున్న, వస్తున్న! బువ్వ సల్లారుతాందట. నువ్వు రాస్కో బిడ్డా, జొన్నగింజంత చిల్లు చాలు, లోపటి మందంత మెల్లగ ఎల్లిపోతది.